మేము గీసిన రిపబ్లిక్‌లో మన ఊరు ఎక్కడుంది?



పోస్టు కొంచెం పొడుగున్నది. తీరిక దొరికినప్పుడు చదవండి, కానీ చివరి దాక చదవండి. తప్పులుంటే కామెంట్ల చెప్పండి, దిద్దుకుంటం.

మొన్న మా క్లాసుల సార్ ఒక పని ఇచ్చిండు. ఎక్కడా లేని దేశాన్ని ఒకదాన్ని ఊహించుకోవాలె. అది రిపబ్లిక్. దాని జాతీయ ప్రభుత్వం ఎట్లుంటదో చార్టు మీద గీసి తీసుకపోవాలె. ఐదుగురికి ఒక చార్టు. మా ఐదుగురం హాస్టలోళ్ళమే. ఇద్దరం కోయ, ఇద్దరం లంబాడ, ఒకరు నాయకపోడు. మా అయిదిండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రాత్రి మెస్‌ల తిన్నంక వరండాల చార్టు పరిచి కూర్చున్నం.

దేశానికి గోదావరి గణతంత్రం అని పేరు పెట్టినం. పైన రాష్ట్రపతి. ఆయన కింద ప్రధానమంత్రి, మంత్రివర్గం. ఒక పక్క పార్లమెంటు, రెండు సభలు. ఇంకో పక్క సుప్రీంకోర్టు. ఎన్నికల సంఘం, ఆడిట్ చేసేటాయన, అన్నీ పెట్టినం. ఆదివాసులకు సభలో సగం సీట్లు రాసినం. మన దేశమే కదా, ఎవరు అడ్డం వస్తరు? ప్రధానమంత్రి డబ్బాల మా తండా అక్క ఒకామె పేరు రాసి నవ్వుకున్నం.

ఇంటర్ చదివే తమ్ముడొకడు నీళ్ళ సీసా పట్టుకొని అటుపోతూ ఆగిండు. వాళ్ళది తాడ్వాయి దిక్కు. చార్టు అంత చూసి, "అన్నా, ఇండ్ల మా ఊరు యాడుంది?" అన్నడు. కింద ఉంటది తమ్మీ అన్నం. "కింద ఏడ? కింద అట్ట అయిపోయింది కదా" అన్నడు.

నిజమే. పైనుంచి గీసుకుంట వస్తే రాష్ట్రాల దగ్గరికే అట్ట అయిపోయింది. సగం సీట్లు రాసుకున్న మేమే మా ఊరికి జాగ ఉంచలేదు. ఆ రాత్రి నుంచి మాకు ఒకటే ఆలోచన. ఆ ఆలోచనే ఈ పోస్టు.

మేము చెప్పదల్చుకున్నది ఒక్కటే. ప్రభుత్వ నిర్మాణంలో మనకు ఎన్ని కుర్చీలున్నయో లెక్క పెట్టుకోవడం మనకు అలవాటైంది. "వద్దు" అనే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడడం అలవాటు కాలేదు. కుర్చీల లెక్క అవసరమే. కానీ ఊరు నిలబడేది రెండోదాని మీద.

ముందు కుర్చీల లెక్కే చూద్దాం. లోక్‌సభలో 543 సీట్లుంటే ఎస్టీలకు 47. తెలంగాణ నుంచి 17 మంది ఎంపీలు పోతే మనకు కేటాయించినవి ఆదిలాబాద్, మహబూబాబాద్ రెండు. అసెంబ్లీలో 119కి 12. మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ములుగు, మహబూబాబాద్, డోర్నకల్ ఆ 12లోవే. రాజ్యసభలో రిజర్వేషన్ లేదు, శాసనమండలిలో లేదు. 2022లో ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతి అయినప్పుడు హాస్టల్‌ల టీవీ ముందు అందరం చప్పట్లు కొట్టినం. సంతాల్ ఆడబిడ్డ ఆ కుర్చీలో కూర్చోవడం చిన్న విషయం కాదు. దాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే మేము ఒప్పుకోం.

కానీ 543లో 47 అంటే వందకు తొమ్మిది కూడా కాదు. ఆ 47 మంది ఒక్క మాట మీద నిలబడ్డా, మిగతా 496 మంది కాదంటే ఏ చట్టమూ ఆగదు. రాజ్యాంగం రాసినోళ్ళకు ఈ లెక్క తెలుసు. అందుకే కుర్చీలతో పాటు ఇంకో దారి కూడా పెట్టిన్రు. అది మన పాఠ్యపుస్తకం బొమ్మలో కనిపించదు. దాని పేరు ఐదో షెడ్యూలు.

244వ అధికరణ కింద వచ్చే ఈ ఐదో షెడ్యూలు మనల్ని నేరుగా జాతీయ ప్రభుత్వానికి కలుపుతుంది. ఎట్లనో మెట్టు మెట్టుగా చూడండి. ఏది షెడ్యూల్డ్ ప్రాంతమో ప్రకటించేది రాష్ట్రపతి. ఆ ప్రాంతాల పాలన ఎట్లున్నదో గవర్నర్ ప్రతి సంవత్సరం రాష్ట్రపతికి నివేదిక పంపాలె. దాని మీద రాష్ట్రానికి ఆదేశాలిచ్చే అధికారం కేంద్రానికి ఉంది. గవర్నర్‌కు ఇంకో పెద్ద అధికారం ఉంది. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా, ఇది షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదు అని ఒక నోటిఫికేషన్‌తో ఆపొచ్చు. లేదా మార్చి వర్తింపజేయొచ్చు. శాంతి కోసం, మంచి పాలన కోసం సొంతంగా రెగ్యులేషన్లు కూడా చేయొచ్చు. దానికి గిరిజన సలహా మండలిని సంప్రదించాలె, రాష్ట్రపతి ఆమోదం కావాలె.

అంటే మన ఏటూరునాగారం, తాడ్వాయి, కొత్తగూడ దిక్కు ఊర్లకు "వద్దు" అనే అధికారం రాజ్యాంగంలోనే ఉంది. కాకపోతే అది మన చేతికి ఇయ్యలేదు. మన తరఫున గవర్నర్ చేతిలో పెట్టిన్రు.

ఆ చేయి కదిలిన రోజు ఏమైందో మన పెద్దోళ్ళకు తెలుసు. 1/70 అని అందరం అంటం కదా, అది అసెంబ్లీ చేసిన మామూలు చట్టం కాదు. 1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు తెచ్చిన్రు, 1970లో గట్టిగ బిగించిన్రు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి పోవద్దు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరునికి అమ్మినా చెల్లదు. గవర్నర్‌కు ఐదో షెడ్యూలు ఇచ్చిన అధికారంతోనే ఇది వచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. విశాఖ జిల్లా అనంతగిరి దిక్కు గనుల గొడవ అది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతం భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇయ్యొద్దు అని చెప్పింది. కాగితం మీద ఉన్నదంతా ఊర్లల్ల అమలైందా అంటే కాలేదు. కానీ ఆ ఒక్క "వద్దు" లేకుంటే మనలో శానమందికి ఈరోజు చెప్పుకోడానికి ఊరు కూడ ఉండకపోవు.

ఇప్పుడు రెండో పక్క చూడండి. మనలో డీఎడ్, బీఎడ్ చేసిన అన్నలకు, అక్కలకు జీవో 3 గురించి చెప్పే పని లేదు. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవోతో షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నరు. అది కూడ గవర్నర్ అధికారం మీద నిలబడ్డదే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని, గవర్నర్ అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదని చెప్పింది. అప్పటికే చేరినోళ్ళ ఉద్యోగాలు మాత్రం తీసేయలేదు. ఇరవై ఏండ్లు నడిచిన ఆ దారి ఒక్క తీర్పుతో మూసుకపోయింది.

తీర్పు తప్పా ఒప్పా అని వాదించే చదువు మాకు ఇంకా రాలేదు. కానీ ఒకటి అర్థమైంది. పైనున్నాయన మన తరఫున పట్టుకున్న గొడుగు ఎంత పెద్దదైనా, దాని కాడ మన చేతుల లేదు.

గిరిజన సలహా మండలి ఉన్నది కదా అంటరు. ఉన్నది. 20 మందికి మించకుండా ఉంటరు. అందులో ముప్పాతిక మంది ఎస్టీ ఎమ్మెల్యేలే కావాలె. బాగనే ఉన్నది. కానీ ఆ పేరా మొత్తం చదవండి. గవర్నర్ తమ ముందుకు పంపిన విషయాల మీద సలహా చెప్పడం మండలి బాధ్యత అని ఉంటది. అడిగితేనే చెప్పాలె. చెప్పినా అది సలహానే. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలో ఆరో షెడ్యూలు కింద ఉన్న జిల్లా మండళ్ళు సొంతంగా కొన్ని చట్టాలు చేసుకోవచ్చు. మన దగ్గర అది లేదు.

1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి మాట్లాడిండు. 1928 ఒలింపిక్స్ హాకీలో భారత జట్టు కెప్టెన్ ఆయన. ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కర లేదు, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలె అనే అర్థం వచ్చేటట్టు చెప్పిండు. అంతకు ఆరేండ్ల ముందే, 1940లో, జోడేఘాట్ కొండల్లో కొమురం భీం ప్రాణమిచ్చిండు. ఆయన అడిగింది నిజాం దర్బారులో కుర్చీ కాదు. జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు ఊర్లల్ల మా నీళ్ళు, మా అడవి, మా భూమి మీద మా మాట నడవాలె అన్నడు. మేము చార్టు మీద ఊహించిన రిపబ్లిక్ కన్న ఆయన ఊహించిందే అసలైన రిపబ్లిక్. అది కింద నుంచి మొదలైంది.

ఆ కింది మెట్టు మన చట్టంలోకి రావడానికి ఇంకో యాభై ఆరేండ్లు పట్టింది. భూరియా కమిటీ సిఫారసుల మీద 1996 డిసెంబర్ 24న పెసా చట్టం వచ్చింది. పార్లమెంటు చేసిన చట్టంలో మొదటిసారి "ఊరు" అంటే ఏమిటో మన లెక్కల చెప్పిన్రు. రెవెన్యూ రికార్డుల గ్రామం కాదు. ఒక గూడెమో, కొన్ని గూడేలో కలిసి, తమ ఆచారం ప్రకారం తమ పనులు తాము చూసుకునే సమూహమే ఊరు. ఆ ఊరికి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరితో గ్రామసభ. గ్రామసభ అంటే సర్పంచ్ కాదు, వార్డు మెంబర్లు కాదు. మనమందరం.

దానికి ఏమేం ఉన్నయో చూడండి. ఊరి అభివృద్ధి ప్లాన్ గ్రామసభ ఆమోదించాలె. పథకాల లబ్ధిదారులను గ్రామసభ ఎంపిక చేయాలె. పంచాయతీ ఖర్చు పెట్టిన పైసలకు వినియోగ ధ్రువపత్రం గ్రామసభ నుంచే తీసుకోవాలె. ఇది మాలో ఒక్కరికి కూడా తెలియదు, మొన్న చదివినంకనే తెలిసింది. తునికాకు, వెదురు లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, సారాను అదుపు చేయడం, పోయిన భూమి తిరిగి ఇప్పించడం, సంతల నిర్వహణ, అప్పులోళ్ళ మీద నియంత్రణ, ఇవన్నీ గ్రామసభకో తగిన స్థాయి పంచాయతీకో ఇయ్యాలె అని ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 1998లో చట్టం, 2011లో నియమాలు వచ్చినయి.

చట్టంలో బలహీనత కూడా ఉంది, దాచొద్దు. భూసేకరణకు ముందు గ్రామసభను "సంప్రదించాలె" అన్నరు గని "అంగీకారం తీసుకోవాలె" అనలేదు. ఈ రెండు మాటల నడుమనే మన బతుకులున్నయి. సంప్రదించడం అంటే నిన్ను అడిగిన్రు. అంగీకారం అంటే నువ్వు కాదంటే ఆగుతది.

కాదంటే ఆగిన చోటు ఒకటి మనకు దూరం కాదు. ఒడిశాల రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమ్‌గిరి కొండలు. పార్వతీపురం దాటితే రాయగడే. బాక్సైట్ కోసం కొండ తవ్వుతమంటే డోంగ్రియా కోందులు ఒప్పుకోలేదు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఈ సంగతి గ్రామసభలే తేల్చాలె అన్నది. 2006 అటవీ హక్కుల చట్టం దానికి బలమైంది. రాష్ట్ర ప్రభుత్వం 12 ఊర్లను ఎంచుకున్నది. జులై, ఆగస్టు నెలల్లో ఒక్కో ఊరు కూర్చున్నది. పన్నెండుకు పన్నెండూ వద్దన్నయి. పెద్ద కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం, వేల కోట్ల లెక్కలు, అన్నీ ఆ పన్నెండు తీర్మానాల ముందు ఆగినయి. అక్కడ ఎంపీల సంఖ్య లెక్కకు రాలేదు. వాన పడుతుంటే కూర్చున్న ఆడోళ్ళు, ముసలోళ్ళు లెక్కకు వచ్చిన్రు.

వద్దు అనుడే పని అయితే రోడ్లెట్ల వస్తయి, కరెంటెట్ల వస్తది అని మా క్లాస్‌మేట్ ఒకడు అడిగిండు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు గోదావరి అవతల గడ్చిరోలి జిల్లాల ఉన్నది. మేండా లేఖ అనే గోండు ఊరు. ఢిల్లీలో, ముంబైలో మా సర్కారు, మా ఊర్లో మేమే సర్కారు అని వాళ్ళ మాట. ఆ ఊర్లో ఓటింగు పెట్టి నలుగురిని ఓడించరు, అందరూ ఒప్పుకునే దాక మాట్లాడుకుంటరు. సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు 2009లో తెచ్చుకున్నరు. 2011లో తమ వెదురు తామే అమ్ముకునే హక్కు సాధించిన్రు. అప్పటి కేంద్ర మంత్రి ఆ ఊరికే వచ్చి రవాణా పర్మిట్ల పుస్తకం వాళ్ళ చేతికిచ్చిండు. వద్దు అనగలిగిన ఊరే, ఇది కావాలె అని గట్టిగ అడగగలుగుతది. వద్దు అనలేని ఊరికి ఏదిచ్చినా అది దయనే.

మరి మన ఊర్లల్ల? మేము ఐదుగురం మా మా ఊర్ల సంగతి చెప్పుకున్నం. ఒకరి ఊర్ల గ్రామసభ అంటే బడి వరండాల పావుగంట. ఒకరి ఊర్ల రిజిస్టర్ ఇంటింటికి తిరుగుతది, సంతకాలు ముందు, తీర్మానం తర్వాత. ఒకరి అవ్వ మూడుసార్లు వేలిముద్ర వేసిందట, దేనికో ఆమెకు ఇప్పటికీ తెలియదు. పింఛన్‌కు అనుకున్నదట.

అధికారులను తిట్టుడు అల్కగనే ఉంటది. మన తప్పు కూడా చెప్పుకోవాలె. మేము డిగ్రీ దాక వచ్చినం, కానీ మాలో ఒక్కరం కూడా మా ఊరి గ్రామసభల ఒక్కసారి కూర్చోలేదు. 18 నిండి రెండేండ్లాయె. ఓటేయడానికి బస్సెక్కి పోయినం. గ్రామసభకు ఎన్నడూ పోలేదు. ఇంకోటి. మన పాత పంచాయితీలు అన్నింట్ల గొప్పవని అనుకునుడు కూడా తప్పే. శాన ఊర్లల్ల పెద్దమనుషుల మాటే నడిచేది, ఆడోళ్ళు ఎనక కూర్చునేటోళ్ళు. అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభకు సగం మంది రావాలె, వచ్చినోళ్ళల్ల మూడోవంతు ఆడోళ్ళుండాలె. ఈ నియమం మనకు బయటోళ్ళు పెట్టిన బరువు కాదు. మనకు కావాల్సిందే.

ఇంకో మాట తప్పకుండా చెప్పాలె. మాలో డోర్నకల్ దిక్కు తండా తమ్ముడు అన్నడు, "మా తండా షెడ్యూల్డ్ ప్రాంతంల లేదు. పెసా మాకు లేదు. మరి మాకేంది?" అని. నిజం. ఐదో షెడ్యూలు మనిషిని బట్టి కాదు, ప్రాంతాన్ని బట్టి. ఎస్టీ సర్టిఫికెట్ ఒకటే అయినా, హాస్టల్ గది ఒకటే అయినా, గ్రామసభ బలం ఒకటి కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు పంచాయతీలైనయి, అది మంచిదే. కానీ పంచాయతీ వేరు, పెసా గ్రామసభ వేరు. మనలో మనం ఎవరు అసలు, ఎవరు కాదు అని కొట్లాడుకునే కాలంల, ఈ తేడా గురించి కూర్చొని మాట్లాడుకుంటే ఎక్కువ లాభం. తండాలోళ్ళకు అడవి ఉన్నచోట అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ఉన్నది. అక్కడ మొదలు పెట్టొచ్చు.

చివరికి మేము చార్టు మళ్ళ గీసినం. కొత్త అట్ట కొనడానికి పైసలు లేవు, పాతదాన్నే తిప్పి ఎనక గీసినం. ఈసారి కింద నుంచి మొదలు పెట్టినం. మొదటి డబ్బా ఊరు. అందులో గ్రామసభ. అక్కడి నుంచి గీతలు పైకి పోయినయి. రాష్ట్రపతి డబ్బా పైన చిన్నగ వచ్చింది, జాగ సరిపోలేదు. సార్ చూసి, "ఇది జాతీయ ప్రభుత్వమా, పంచాయతా?" అన్నడు. మార్కులు కొంచెం తక్కువనే పడ్డయి. పర్వాలేదు.

గ్రూపుల ఉన్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒకటే అడుగుతున్నం. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాలుగు పనులు చేద్దాం. మొదటిది, పంచాయతీ కార్యదర్శిని అడిగి గ్రామసభ తీర్మానాల పుస్తకం చూద్దాం. మన ఊరి పేరు మీద ఏమేం రాసి ఉన్నయో చదువుదాం. రెండోది, అది కోయల, లంబాడీల, గోండిల, మనింట్ల ఏది మాట్లాడితే దాంట్ల మన అవ్వలకు చెప్పుదాం. మూడోది, తీర్మానం రాయకముందు సంతకం పెట్టొద్దని ఇంట్లోళ్ళకు చెప్పుదాం. నాలుగోది, గ్రామసభ ఎప్పుడుంటదో కనుక్కొని ఒక్కసారన్న పోయి కూర్చుందాం. మాట్లాడడానికి భయమైతే ఊకే కూర్చుందాం. ఎవరు మాట్లాడుతున్నరో, ఎవరు మాట్లాడుతలేరో రాసుకొని వద్దాం.

వచ్చినంక ఎవరి ఊర్ల ఏం చూసిన్రో ఈ గ్రూపులనే రాయండి. మేము ఐదుగురం కూడా రాస్తం. ఆ తమ్ముడు కూడా తాడ్వాయి పోయినంక రాస్త అన్నడు. వాడు అడిగినదానికి ఇంకా పూర్తి జవాబు చెప్పలేదు మేము.

జోహార్ కొమురం భీం. జోహార్ సమ్మక్క సారక్క. జై సేవాలాల్.

హాస్టల్ విద్యార్థులం, వరంగల్